చలికి నీళ్ల పైపులు పగలకుండా: గరాజ్, ఆటిక్ పక్కన పోయే లైన్ల సంగతి

టెక్సస్ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు పైపుల్లో నీళ్లు గడ్డకట్టడం అంటే ఏమిటో 2021 ఫిబ్రవరిలో బాగా తెలిసొచ్చింది. ఆ నెల 16న డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. చికాగో, మినియాపొలిస్‌ల వాళ్లకు ఇది పెద్ద చలి కాదు. తేడా ఇల్లు కట్టిన తీరులో ఉంది. ఉత్తరాదిన పైపులు వెచ్చని బేస్‌మెంట్‌లోంచి, లోపలి గోడల్లోంచి పైకి వెళ్తాయి. దక్షిణాదిన బేస్‌మెంట్ ఉండదు, ఇల్లు నేరుగా కాంక్రీట్ పలక మీద కూర్చుంటుంది. అందుకని చాలా ఇళ్లలో పైపులు ఆటిక్, అంటే పైకప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఖాళీ, మీదుగా తిరుగుతాయి, వాటర్ హీటర్ గరాజ్‌లోనో ఆటిక్‌లోనో ఉంటుంది. ఈ రెండు చోట్లా హీటింగ్ ఉండదు. న్యూజెర్సీ, వర్జీనియా ఇళ్లలో గరాజ్ పైన కట్టిన బాత్రూమ్‌కు, క్రాల్ స్పేస్‌లోంచి, అంటే ఇంటి నేల కింద పాకి వెళ్లేంత ఎత్తున్న ఖాళీలోంచి, పోయే లైన్లకు కూడా ఇదే చిక్కు.

ఎక్కడ గడ్డకడుతుంది, ఎక్కడ పగులుతుంది

నీళ్లు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. అయితే చాలాసార్లు పైపు పగిలేది మంచు పట్టిన చోట కాదు. మంచు గడ్డ పైపుకు బిరడాలా అడ్డుపడి పెరుగుతూ, తనకూ కట్టేసిన ట్యాప్‌కూ మధ్య చిక్కుకున్న నీళ్లను నెడుతుంది. ఆ నీళ్లకు పోయే దారి ఉండదు. ప్రెషర్ పెరిగి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చిట్లుతుంది. అది వెచ్చని గోడలో ఉన్న అతుకు కూడా కావచ్చు. రాత్రి ట్యాప్ సన్నగా వదలమనడం అందుకే: ఆ చిక్కుకున్న నీళ్లకు దారి దొరుకుతుంది, ప్రెషర్ పెరగదు. పారే నీళ్లు గడ్డకట్టడానికి ఎక్కువ సేపు పట్టడం దానికి తోడు వచ్చే లాభం. ఇంకో సంగతి, పైపు రాత్రే చిట్లినా నీళ్లు కారేది మంచు కరిగాకే. ఎండ వచ్చిందని ఊపిరి పీల్చుకునే మధ్యాహ్నమే సీలింగ్ తడుస్తుంది.

ఇన్సులేషన్ లేని పైపులను ఆటిక్‌లో పెట్టి ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన పరీక్షల్లో, బయట సుమారు 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్ దగ్గర ప్రమాదం మొదలవుతుందని తేలింది. అందుకే 32కు కంగారు పడనక్కర్లేదు, 20 అని సూచన వస్తే మాత్రం పనిలో దిగాలి. ఒక మినహాయింపు ఉంది. కన్నంలోంచి గాలి నేరుగా పైపును కొడుతుంటే అంతకంటే ముందే గడ్డకడుతుంది.

పైపు రకం కూడా చూసుకోండి. రాగి పైపు పొడుగునా చీలుతుంది. సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ పైపు పెళుసు, పగిలితే ముక్కలవుతుంది. పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కాబట్టి చాలాసార్లు బతికిపోతుంది, కానీ దాని ఫిట్టింగులు, వాల్వులు సాగవు. "మాది పెక్స్ ఇల్లు, మాకేం కాదు" అనే ధీమా సగమే నిజం.

ముందు మెయిన్ వాల్వ్

దేనికన్నా ముందు ఇంటి నీళ్లు పూర్తిగా ఆపే వాల్వ్ ఎక్కడుందో కనిపెట్టి, ఒకసారి తిప్పి చూడండి. ఉత్తరాది ఇళ్లలో బేస్‌మెంట్‌లో పైపు లోపలికొచ్చే చోటే ఉంటుంది. టెక్సస్‌లో కొత్త ఇళ్లకు గరాజ్ గోడలోనో వాటర్ హీటర్ దగ్గరో ఉండవచ్చు. లేకపోతే రోడ్డు పక్కన మీటర్ పెట్టెలో చూడాలి, దానికి పొడవాటి మీటర్ కీ కావాలి. మంచు కురిసే రాత్రి ఆ పెట్టె మూత వెతుక్కోవడం నరకం, కాబట్టి కీ ఇప్పుడే కొని గరాజ్‌లో గోడకు తగిలించండి. పిడి ఉన్న బాల్ వాల్వ్ పావు చుట్టుకే మూసుకుంటుంది. గుండ్రటి చక్రం ఉన్న పాత గేట్ వాల్వ్ ఏళ్ల తరబడి కదలక పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే లోపలి కాడ విరుగుతుంది. అలాంటిది ఉంటే ప్లంబర్‌ను పిలిచి బాల్ వాల్వ్‌గా మార్పించండి. ఇంట్లో అందరికీ, ఇండియా నుంచి వచ్చి ఉంటున్న అమ్మానాన్నలకు కూడా, ఆ వాల్వ్ చూపించి ఉంచండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు పైపు పగిలితే ఇంట్లో ఉండేది వాళ్లే.

గాలి ఆపకుండా ఫోమ్ తొడిగితే ప్రయోజనం లేదు

చాలామంది దుకాణానికి వెళ్లి నల్ల ఫోమ్ గొట్టాలు తెచ్చి పైపుకు తొడిగి పనైపోయింది అనుకుంటారు. రాయికి రగ్గు కప్పినంత మాత్రాన అది వెచ్చబడదు. ఇన్సులేషన్ వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తుందంతే. నాలుగైదు గంటల చలికి అది సరిపోతుంది. రెండు రోజులు వదలని చలికి, నీళ్లు కదలని పైపుకు సరిపోదు. కాబట్టి వరస ఇది: ముందు గాలి రాకుండా కన్నాలు మూయాలి, తర్వాత ఇంటి వేడి పైపు వరకూ చేరేలా చూడాలి, ఆ తర్వాతే ఫోమ్.

కన్నాలు వెతకడానికి గాలి బాగా వీచే చల్లని రోజు మంచిది. వెలిగించిన అగరుబత్తి పట్టుకుని సింక్ కింద, వాషింగ్ మెషీన్ వెనక, గరాజ్ గోడలో పైపులు దూరే చోట్ల నెమ్మదిగా తిప్పండి. పొగ పక్కకు కొట్టుకుపోతే అక్కడ గాలి వస్తున్నట్టే. పావు అంగుళం లోపు సందుకు కాక్, అంటే సందులు పూడ్చే పేస్టు, చాలు. అంతకంటే పెద్దదైతే డబ్బా ఫోమ్, అంటే డబ్బాలోంచి చిమ్మితే ఉబ్బి గట్టిపడేది, కొట్టండి. ఇంటికీ గరాజ్‌కూ మధ్య గోడ మంటలను ఆపడానికి కట్టింది కాబట్టి అక్కడ మామూలు ఫోమ్ వద్దు, ఫైర్‌బ్లాక్ అని రాసి ఉన్నదే వాడాలి. గ్యాస్ హీటర్ పొగ గొట్టం చుట్టూ ఉన్న సందును ఎప్పుడూ ఫోమ్‌తో నింపకండి.

బేస్‌మెంట్ లేదా క్రాల్ స్పేస్ ఉంటే, పునాది గోడ మీద చెక్క దూలాల చివరలు ఆనే చోట, అంటే రిమ్ జాయిస్ట్ దగ్గర, గాలి ఎక్కువ దూరుతుంది. 2 అంగుళాల గట్టి ఫోమ్ పలకను ఆ గడులకు సరిపడా కోసి పెట్టి, నాలుగు అంచులూ డబ్బా ఫోమ్‌తో మూయండి. అక్కడ గాజు దూది కుక్కితే గాలి అందులోంచే వచ్చేస్తుంది. క్రాల్ స్పేస్‌కు గోడల్లో గాలి కిటికీలు ఉంటే చలికాలం మూసి ఉంచండి.

గరాజ్ పైన బాత్రూమ్

చాలా ఇళ్లలో దెబ్బతినేది ఇక్కడే, కనుక కాస్త ఆగి చూద్దాం. గరాజ్ సీలింగ్‌కూ పై గది నేలకూ మధ్య దూలాల సందులో పైపులు పోతాయి. అక్కడ ఇన్సులేషన్ దుప్పటి పైకి, అంటే నేల చెక్కకు ఆనించి పెట్టి, పైపు దాని కింద వేలాడుతుంటే పైపు గరాజ్ చలిలో ఉన్నట్టు. దుప్పటి పై గదిని కాపాడుతుంది, పైపును కాదు. ఉండాల్సిన తీరు: పైన నేల చెక్క, దాని కింద పైపు, పైపు కింద ఇన్సులేషన్, ఆ కింద డ్రైవాల్, అంటే గోడకూ సీలింగ్‌కూ వేసే జిప్సం పలక. పైపుకూ వెచ్చని గదికీ మధ్య ఇన్సులేషన్ ఉండకూడదు.

డ్రైవాల్ విప్పి చూస్తే ఇంకో లోపం కనిపిస్తుంది. దూలాల సందు చివర బయటి గోడ దగ్గర తెరిచి ఉంటుంది, గాలి అక్కణ్నుంచి దూరి దుప్పటి మీదుగా పైపు పొడుగునా ప్రయాణిస్తుంది. ఆ చివరను ఫోమ్ పలకతో మూసి అంచులు సీల్ చేయాలి. డ్రైవాల్ మొత్తం విప్పలేకపోతే కనీసం బయటి గోడ వైపు ఒక అడుగు మేర కోసి ఈ పని చేయించండి. పని అయ్యాక గరాజ్ సీలింగ్‌కు డ్రైవాల్ తిరిగి సరిగ్గా వేసి అతుకులు మూయాలి. ఇదీ మంటలను అడ్డుకునేదే.

పోపు వాసన ఇల్లంతా పట్టకుండా గరాజ్‌లో స్టవ్, సింక్ పెట్టించుకున్నవాళ్లు ఆ సింక్‌కు వేసిన లైన్ గురించి ఆలోచించాలి. కొత్తగా వేయిస్తున్నట్టయితే, వెచ్చని గది వైపు గోడలో ఒక బాల్ వాల్వ్, దాని పక్కనే నీళ్లు వదిలే చిన్న డ్రెయిన్ పెట్టించండి. చలి వస్తోందంటే వాల్వ్ మూసి, గరాజ్ ట్యాప్ తెరిచి, డ్రెయిన్ వదిలేస్తే ఆ ముక్క ఖాళీ. ఖాళీ పైపు పగలదు. పది డాలర్ల వాల్వ్‌తో పోయేదానికి తర్వాత గోడలు కోయించుకోవడం ఎందుకు? వేడినీళ్ల లైన్‌కు కూడా విడిగా ఇదే ఏర్పాటు ఉండాలి. వేడినీళ్ల పైపు గడ్డకట్టదు అనుకోవద్దు, వాడకుండా రెండు గంటలు నిలిస్తే అదీ చన్నీళ్ల పైపే.

ఆటిక్‌లో

దక్షిణాది ఇళ్లలో పెక్స్ లైన్లు దూలాల మీదుగా, ఇన్సులేషన్ పైన పరిచి ఉండటం తరచూ కనిపిస్తుంది. వీలైన చోట క్లిప్పులు విప్పి పైపును దూలాల మధ్యకు, సీలింగ్ డ్రైవాల్‌కు దగ్గరగా దించండి. దాని కింద ఇన్సులేషన్ తీసేసి పైన దట్టంగా కప్పండి. సీలింగ్ నుంచి పైకి వచ్చే కొద్ది వేడే పైపును కాపాడుతుంది. పైపు దించడానికి వీల్లేకపోతే దాన్నీ పక్క సీలింగ్‌నూ కలిపి ఒకే దుప్పటి కింద వచ్చేలా కప్పండి. కింద ఇన్సులేషన్ ఉంచి పైపు చుట్టూ మాత్రమే చుట్టడం కంటే ఇది చాలా మేలు. ఆటిక్‌లో నడిచేటప్పుడు దూలాల మీదే అడుగు వేయాలి, మధ్యలో వేస్తే కాలు సీలింగ్‌లోంచి కింది గదిలోకి దిగుతుంది.

ఇక ఫోమ్ గొట్టాలు. 6 అడుగుల ముక్కలుగా దొరుకుతాయి. అర అంగుళం పెక్స్, రాగి, ఇళ్లలో వాడే సీపీవీసీ మూడింటికీ బయటి వ్యాసం అంగుళంలో 5/8 వంతు ఉంటుంది, కాబట్టి అర అంగుళం పైపు అని రాసిన గొట్టం మూడింటికీ పడుతుంది. ముప్పావు అంగుళం పైపుకు 7/8. పాత ఇనుప పైపు అదే కొలతకు లావుగా ఉంటుంది, కొలిచి కొనండి. ఫోమ్ మందం అంగుళంలో 3/8 ఉన్న చౌక రకం చలిని పెద్దగా ఆపదు. కనీసం ముప్పావు అంగుళం మందం తీసుకోండి. మలుపుల దగ్గర 45 డిగ్రీల కోతతో కలపండి, చీలిక పొడుగునా, ముక్కల అతుకుల దగ్గర టేప్ వేయండి. క్లిప్పు దగ్గర అంగుళం వదిలేస్తే మంచు అక్కడే మొదలవుతుంది. గ్యాస్ వాటర్ హీటర్ పొగ గొట్టానికి 6 అంగుళాల దూరంలోకి ఫోమ్ రానివ్వకండి.

హీట్ కేబుల్

ఇంటి వేడి ఎలాగూ చేరదు అనే ముక్కకు మాత్రమే కరెంటు హీట్ కేబుల్ వేయండి. తనంతట తాను వేడి తగ్గించుకునే సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం, భద్రత పరీక్షలు నెగ్గిందని చెప్పే యూఎల్ గుర్తు ఉన్నది కొనండి. ప్లాస్టిక్ పైపుకు, ముఖ్యంగా పెక్స్‌కు, వాడవచ్చని పెట్టె మీద రాసి ఉంటేనే తీసుకోవాలి. పైపు పొడవు కొలిచి దానికి తగిన కేబుల్ తేవాలి. మిగిలిందని మడిచి తన మీదే వేసుకుంటే, ఒకే వేడి ఇచ్చే పాత రకం కేబుల్ అక్కడ కాలిపోతుంది. ప్లగ్‌తో వచ్చే కేబుల్‌ను కోయకూడదు. పైపు కింది వైపు తిన్నగా పెట్టి అడుగుకొక చోట, కంపెనీ చెప్పిన టేప్‌తో బిగించండి. థర్మోస్టాట్ బుడిపె పైపుకు గట్టిగా ఆనాలి, అదీ పైపులో అన్నిటికంటే చల్లని చోట. దాని మీద ఎంత మందం ఇన్సులేషన్ వేయవచ్చో కూడా పెట్టెలోని కాగితమే చెబుతుంది, సొంత లెక్క వద్దు. జీఎఫ్‌సీఐ, అంటే షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఏర్పాటు, ఉన్న ప్లగ్ పాయింట్‌కే తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ వైర్ వాడకూడదు, గోడ లోపల మూసేయకూడదు.

ఈ కేబుళ్లు సాధారణంగా 38 ఫారెన్‌హీట్ దగ్గర మొదలవుతాయి. నవంబర్‌లో పని చేస్తోందో లేదో చూడాలంటే థర్మోస్టాట్ మీద ఐస్ సంచి పది, పదిహేను నిమిషాలు పెట్టి కేబుల్ ముట్టుకోండి. కరెంటు పోతే కేబుల్ కూడా పోతుంది. 2021లో టెక్సస్‌లో జరిగింది అదే.

బయటి కొళాయిలు, తోట లైన్లు

హోస్ విప్పండి. ఇది చేయక పగిలే కొళాయిలు ఎన్నో. చలికి గడ్డకట్టకుండా చేసిన ఫ్రాస్ట్ ఫ్రీ కొళాయిలో నీళ్లు ఆపే వాషర్ గోడ లోపల, 6 నుంచి 12 అంగుళాల లోతులో ఉంటుంది. కట్టగానే ఆ గొట్టంలో నీళ్లు బయటికి జారిపోతాయి. హోస్ తగిలించి ఉంటే జారవు, అక్కడే గడ్డకట్టి గొట్టం గోడ లోపల చీలుతుంది. వసంతంలో కొళాయి తిప్పినప్పుడే తెలుస్తుంది, అదీ గోడలోంచి నీళ్లు కారుతూ. మామూలు కొళాయికి ఫోమ్ తొడుగు పెట్టండి. దానికి ఇంటి లోపల విడి వాల్వ్ ఉంటే అది మూసి, బయటి కొళాయి తెరిచి ఉంచి, వాల్వ్ పక్కనున్న చిన్న మూత విప్పి మిగిలిన నీళ్లు వదలండి.

స్ప్రింక్లర్ లైన్‌కు ఇంటి గోడ పక్కన నేల మీద నిలబడి కనిపించే బ్యాక్‌ఫ్లో వాల్వ్, అంటే తోట నీళ్లు వెనక్కి తాగునీటి లైన్లోకి రాకుండా ఆపేది, మొదటి చలికే పగులుతుంది. దాని ముందున్న వాల్వ్ మూసి, స్క్రూడ్రైవర్‌తో టెస్ట్ కాక్‌లు అనే చిన్న కొళాయిలు తెరిచి నీళ్లు వదిలి, దాని రెండు పిడులనూ 45 డిగ్రీల దగ్గర సగం తెరిచి ఉంచండి. బాల్ లోపల చిక్కిన నీళ్లు అప్పుడే బయటికి పోతాయి. తువ్వాలు చుట్టి పైన ప్లాస్టిక్ సంచి కట్టడం నీళ్లు తీశాకే పనికొస్తుంది.

చలి రాత్రి చేయాల్సినవి

గరాజ్ తలుపు దించి ఉంచండి, కారు తీసినా వెంటనే మూయండి. బయటి గోడకు ఆనుకున్న సింక్‌ల కింది తలుపులు తెరిచి పెట్టండి, పిల్లలుంటే అక్కడున్న క్లీనింగ్ మందులు ముందే తీసేయండి. రాత్రి థర్మోస్టాట్ తగ్గించే అలవాటు ఆ రెండు రోజులూ మానండి. మెయిన్ లైన్‌కు దూరంగా ఉన్న ట్యాప్, బయటి గోడ మీదున్న ట్యాప్, గరాజ్ పై బాత్రూమ్ ట్యాప్ పెన్సిల్ ముల్లు అంత సన్నని ధారగా వదలండి. ఒకే పిడి ఉన్న ట్యాప్ అయితే మధ్యలో ఉంచాలి, లేకపోతే వేడినీళ్ల పైపులో నీళ్లు కదలవు. ఊరంతా నీళ్ల ప్రెషర్ పడిపోయి నగరపాలకులు వదలొద్దని చెబితే అప్పుడు ట్యాప్ కట్టి, మెయిన్ మూసి, లైన్లు ఖాళీ చేయడమే దారి.

కరెంటు పోయి ఇల్లు చల్లబడుతుంటే కూడా అదే. మెయిన్ మూయండి, పై అంతస్తులో ఒక ట్యాప్, కింద అన్నిటికంటే దిగువ ట్యాప్ తెరవండి, టాయిలెట్లు ఫ్లష్ చేయండి. ముందుగా బకెట్లలో, గిన్నెల్లో నీళ్లు పట్టుకోండి. హీటర్ ట్యాంక్ ఖాళీ చేస్తే ముందే గ్యాస్ ఆపాలి, కరెంటు హీటర్‌కైతే బ్రేకర్ దించాలి. ఖాళీ ట్యాంక్‌లో కరెంటు వస్తే ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది. ట్యాంక్ లేని హీటర్లలో గడ్డకట్టకుండా చిన్న హీటింగ్ ఏర్పాటు ఉంటుంది, అదీ కరెంటుతోనే. బయటి గోడకు బిగించిన అలాంటి హీటర్‌ను కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు ఖాళీ చేయండి.

చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటి, బార్బెక్యూ, గ్యాస్ ఓవెన్ ఇంట్లో గానీ గరాజ్‌లో గానీ వాడొద్దు. కారు స్టార్ట్ చేసి గరాజ్‌లో కూర్చోవడమూ అంతే, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో, బయటే.

డిసెంబర్‌లో ఇండియా వెళ్తుంటే

మూడు, నాలుగు వారాలు తాళం వేసే ఇంటికి ట్యాప్ వదలడం కాదు, మెయిన్ మూయడమే సరి. మూసి, కింది ట్యాప్ తెరిచి ప్రెషర్ తీసేయండి. వాటర్ హీటర్‌ను వెకేషన్ మోడ్‌లో పెట్టండి. థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్‌కు తగ్గనివ్వొద్దు. ఇంట్లో మంటలార్పే స్ప్రింక్లర్లు ఉంటే, టౌన్‌హౌస్‌లలో తరచూ ఉంటాయి, అవి అదే లైన్ మీద ఉన్నాయేమో అసోసియేషన్‌ను అడిగాకే మూయండి.

ఇన్సూరెన్స్ పత్రం ఒకసారి తీసి చదవండి. సాధారణ హోమ్ పాలసీల్లో చలికి పగిలిన పైపుల నష్టం రావాలంటే ఇంట్లో హీట్ నడిపేలా తగిన జాగ్రత్త పడాలి, లేదా నీళ్లు ఆపి లైన్లు ఖాళీ చేసి ఉండాలి. డబ్బులు ఆదా అని హీట్ పూర్తిగా ఆపేసి, నీళ్లు ఉంచి వెళ్తే రెండూ తప్పినట్టే. వెళ్లే ముందు థర్మోస్టాట్, మూసిన వాల్వ్ ఫోటోలు తీసి పెట్టుకోండి. గరాజ్ పక్క గోడ దగ్గర వైఫై థర్మామీటర్ ఒకటి ఉంచి 40 ఫారెన్‌హీట్‌కు అలర్ట్ పెట్టండి, తాళంచెవి దగ్గర్లో ఉన్న స్నేహితుడికి ఇవ్వండి. అలర్ట్ గుంటూరులో మోగితే ఇక్కడ తలుపు తీసేవాడు ఉండాలి.

గడ్డకట్టాక

ట్యాప్ తిప్పితే నీళ్లు రాకపోయినా, బాగా తగ్గినా గడ్డకట్టినట్టే అనుకోండి. ఆ ట్యాప్ తెరిచే ఉంచండి. పైపు కనిపిస్తుంటే ట్యాప్ వైపు నుంచి మొదలుపెట్టి మంచు వైపుకు హెయిర్ డ్రయర్‌తోనో వేడినీళ్లలో పిండిన తువ్వాళ్లతోనో కాచుకుంటూ వెళ్లండి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీళ్లు రెండు మంచు గడ్డల మధ్య చిక్కుతాయి. మంట వచ్చే టార్చ్ వాడొద్దు, గోడ అంటుకుంటుంది. పైపు గోడ లోపల ఉంటే మెయిన్ మూసేసి, గదిని వేడి చేసి, కరిగాక మెయిన్ నెమ్మదిగా, కొంచెం కొంచెంగా తెరవండి. ఒకరు వాల్వ్ దగ్గర, ఒకరు గోడ దగ్గర చెవి పెట్టి నిలబడాలి. బుస్సుమన్న శబ్దం వస్తే వెంటనే మూసేయాలి.

పగిలిన ముక్క చేతికి అందేదైతే నొక్కి తొడిగే పుష్ ఫిట్ కప్లింగ్‌తో తాత్కాలికంగా నిలబెట్టవచ్చు. రాగి, పెక్స్, సీపీవీసీ మూడింటికీ పనికొస్తుంది. చీలిక అటూ ఇటూ మంచి పైపు వచ్చేవరకు తిన్నగా కోసి, అంచు నునుపు చేసి, ఎంత లోతు దూరాలో ముందే గీత గీసుకుని, ఆ గీత వరకూ నెట్టండి. సగం దూరితే మొదట ఆగినట్టే ఉంటుంది, ప్రెషర్‌కు ఊడిపోతుంది. 2021లో పెద్ద దుకాణాల్లో ఇవి ఖాళీ అయిపోయాయి, కాబట్టి అర అంగుళంవి రెండు, ముప్పావువి రెండు, ఒక పైపు కట్టర్ నవంబర్‌లోనే కొని పెట్టుకోండి.

అంతా సర్దుకున్నాక అన్ని ట్యాప్‌లూ కట్టి, టాయిలెట్లు నిండనిచ్చి, మీటర్ మీదున్న చిన్న త్రిభుజపు ముల్లునో చక్రాన్నో పావుగంట గమనించండి. కదిలితే ఎక్కడో ఇంకో చీలిక ఉంది. అప్పుడు మెయిన్ మళ్లీ మూసి, ముందు ఆటిక్, తర్వాత గరాజ్ సీలింగ్ చూడండి.